మన ఊరి నీళ్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో కూర్చున్న అన్నలకు, అక్కలకు, వెనక బెంచీల వాళ్లకు నమస్కారం. వెనక బెంచీలు అని ఎగతాళికి అనలేదు. నేనూ అక్కడివాణ్నే. 1975లో పదో తరగతి పాసయ్యాను. మన సంఘం పుట్టింది కూడా ఆ ఏడే.

"మన ఊరి చరిత్ర, వసతులు" మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. నేను చరిత్ర చదివినవాణ్ని కాను. పదో తరగతి తర్వాత ఐటీఐ చేసి, నాలుగేళ్లు బాపుతో వ్యవసాయం చేసి, 1983లో బొంబాయి మీదుగా సౌదీ పోయాను. 2005లో తిరిగొచ్చాను. అంటే ఇరవై రెండేళ్లు ఎడారిలో బతికినవాణ్ని. ఎడారి పట్నంలో నీళ్లు ఎట్లా వస్తాయో చూసి వచ్చి, మన ఊళ్లో ఎట్లా పోతున్నాయో చూస్తున్నాను. నాకు తెలిసింది అదొక్కటే కాబట్టి, చరిత్రైనా వసతులైనా నీళ్ల దిక్కు నుంచే చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి.

మన ఊరి పాత పేరు నవనాథపురమని పెద్దలు చెప్పగా విన్నాం. నవనాథులు, అంటే తొమ్మిది మంది సిద్ధులు గుట్ట మీద తపస్సు చేశారట. ఆరు, మూడు కలిస్తే తొమ్మిది కాబట్టి ఆ పేరే ఆర్మూరైందని కూడా అంటారు. ఈ లెక్క భాషాశాస్త్రానికి నిలుస్తుందో లేదో తెలుగు సార్లు చెప్పాలి. నాకైతే లెక్కల సారు చెప్పిన వాటిలో బాగా గుర్తున్నది ఇదొక్కటే.

హైవే మీద వచ్చే కొత్తవాళ్లకు ముందు కనబడేది ఆ గుట్టే. నల్లటి గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఉంటాయి. ఇప్పుడు పైదాకా రోడ్డు పడింది, కార్లు పోతున్నాయి. మా రోజుల్లో కాలినడకనే ఎక్కి, గుహలో వంగి వంగి పోయి శివుణ్ని చూసి, కోనేటి దగ్గర కూర్చునేవాళ్లం. అంత బండ మీద నీళ్లెట్లా నిలుస్తాయని మా అవ్వను అడిగితే "సిద్ధుల మహిమ బిడ్డా" అన్నది. పెద్దయ్యాక ఒక ఇంజనీరు చెప్పాడు: బండలో పగులుంటుంది, వాన నీళ్లు అందులోకి దిగుతాయి, కింద గట్టి రాయి వాటిని పోనివ్వదు. అవ్వ చెప్పింది, ఇంజనీరు చెప్పింది రెండూ నాకు నచ్చాయి. కాని ఇంజనీరు మాటే మన ఊరి మొత్తం కథ. మన కాళ్ల కింద నాలుగు మూరలు మన్ను, దాని కింద మెత్త రాయి, ఆ కింద గ్రానైటు. నీళ్లు ఉంటే మెత్త రాయిలో ఉండాలి, లేకుంటే పగుళ్లలో ఉండాలి. ఇంకెక్కడా దాచుకునే చోటు లేదు. ఇసుక నేలలాగా, నల్లరేగడిలాగా మన నేల తాగి ఉంచుకోదు.

అందుకే పాతవాళ్లు నీళ్లను నేల మీదనే ఆపారు. చెరువులు, కుంటలు కట్టారు. చెరువు కింద బావులు తవ్వారు. చెరువు నిండితే బావి ఊరేది. మా బాపు మోట కొట్టేవాడు. తెల్లవారుజామున మూడింటికి ఎడ్లను కట్టి, ఎండెక్కే లోపల రెండు మళ్లు పారించేవాడు. ఆ మూడెకరాల్లో ఎకరం పసుపు, మిగతాది జొన్న, వరి. పసుపులో మక్క కలిపి వేసేవాళ్లం. మక్క కంకులు ముందు చేతికొస్తాయి, పసుపు తొమ్మిది నెలలు నేలలోనే ఉంటుంది. మృగశిర దాటాక పెడితే సంక్రాంతి పోయాక తవ్వుడు. తవ్వి, కడాయిల్లో ఉడకబెట్టి, పదిహేను ఇరవై రోజులు ఎండబెట్టి, పాలిష్ పట్టి, కాడి వేరు, గోళ వేరు చేసి సంచులకెత్తాలి. ఐదు సంచుల పచ్చి పసుపు ఎండితే ఒక్క సంచి. ఆ ఉడికే వాసన మాఘమాసంలో ఊరంతా పట్టేది. బడిలో మా చొక్కాలకు కూడా ఉండేది. ఈ హాల్లో సగం మంది ఫీజులు కట్టింది ఆ వాసనే.

ఊరంటే పసుపొక్కటే కాదులెండి. మన నేతన్నల పట్టు చీరలకు ఒకప్పుడు దూరదూరాల పేరుండేది. ఇంటింటా బీడీల చాటలుండేవి. మా క్లాసులో ఆడపిల్లలు సగం మంది బడి వదలగానే ఆకు కత్తిరించడానికి పోయేవాళ్లు. ఎర్రజొన్న విత్తనం ఇక్కడ పండి ఉత్తరాదిలో పశువుల మేతకు మొలిచేది. దాని బకాయిల కోసం 2008లో రైతులు రోడ్డెక్కితే కాల్పుల దాకా పోయింది. పక్కనున్న అంకాపూర్ గురించి నేను చెప్పేదేముంది, నాటుకోడి పుణ్యమా అని హైదరాబాద్ వాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు. రోడ్ల సంగతికొస్తే 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు మన దగ్గరే కలుస్తాయి. రైలు కోసం ఎన్నేళ్లు చూశామో మీకు తెలుసు. పెద్దపల్లి లైనుకు పునాది 1993లో పడితే బండి నిజామాబాద్ దాకా పూర్తిగా నడిచింది 2017లో. నేను సౌదీలో ఉన్నన్నాళ్లూ మా అవ్వ "నువ్వొచ్చేసరికి రైలొస్తది" అనేది. నేను వచ్చిన పన్నెండేళ్లకు వచ్చింది. అప్పటికి అవ్వ లేదు.

ఇక నీళ్లు. మన దగ్గర్లో రెండు పెద్ద ప్రాజెక్టులున్నాయి. నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీర నీళ్లు ముందు బాన్సువాడ, బోధన్ చూసుకున్నాక తోక మన వైపు వచ్చేది. తోకకు ఎంత నీరొస్తుందో వ్యవసాయం చేసినవాళ్లకు చెప్పనక్కర లేదు. రెండోది పోచంపాడు, మన శ్రీరాంసాగర్. 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. మన ఊరి నుంచి అరగంట ప్రయాణం. డ్యాం నిండిందంటే సద్ది కట్టుకొని చూడబోయేవాళ్లం. మా ఇంగ్లీషు సారు మమ్మల్ని ఎక్స్‌కర్షన్‌కు అక్కడికే తీసుకుపోయారు. ఆ రోజు నేనొక ప్రశ్న అడిగాను. నా చదువులో అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అదేనేమో: "సార్, ఈ నీళ్లు మనకెందుకు రావు?"

సారు నవ్వి, "నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి పోతాయిరా. మనం ఎత్తులో ఉన్నాం" అన్నారు. డ్యాంలో నిండు నీటిమట్టం 1,091 అడుగులు. మన ఊరు అంతకంటే పైన ఉంది. కాకతీయ కాలువ కరీంనగర్ దిక్కు, వరంగల్ దిక్కు పారింది. మంచిదే, వాళ్లూ మనవాళ్లే. కాని గోదావరి పక్కనుండగా మన మడి ఎండేది. గుత్ప ఎత్తిపోతల వచ్చి నీళ్లు పైకెక్కడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ ముప్పై ఏళ్లలో ఏం చేశాం? బోర్లేశాం.

నేను సౌదీ పోయింది చెల్లె పెండ్లి అప్పు తీర్చడానికి. అది రెండేళ్లలో తీరింది. తర్వాత పంపిన డబ్బంతా నేలలోకి పోయింది. ఇల్లు కట్టుకున్నవాళ్లున్నారు, ప్లాట్లు కొన్నవాళ్లున్నారు. మా ఇంట్లో మాత్రం బోర్లు. మా తమ్ముడు ఉత్తరం రాసేవాడు. మొదట క్షేమ సమాచారం, తర్వాత పసుపు ధర, ఆఖరున ఒక లైను: "అన్నా, బోరు ఫేలైంది. బాపు ఇంకో పాయింట్ చూపిస్తుండు." పాయింట్ చూపించడమంటే అరచేతిలో టెంకాయ పెట్టుకొని చెలకంతా తిరిగే మనిషి. టెంకాయ నిలబడ్డ చోట రిగ్గు నిలబడేది. నేను మళ్లీ డ్రాఫ్టు తీసి పంపేవాణ్ని.

మొదటి బోరు 1987లో. 180 ఫీట్లకు రెండించుల నీళ్లు పడ్డాయి. ఆ ఉత్తరం అందిన రోజు క్యాంపులో అందరికీ చాయ్ పోయించాను. తర్వాతవి 220, 240, 300, 350, 420, 500. ఆఖరుది 600, 2003లో. అది ఎండుబోరు. దుమ్ము తప్ప ఏమీ రాలేదట. ఎనిమిది బోర్లలో నీళ్లిచ్చినవి మూడు, అవీ నాలుగైదేళ్లకు అటకెక్కాయి. మొత్తం కూడితే 2,810 ఫీట్లు. సిద్ధులగుట్టను తలకిందులుగా పాతిపెట్టినా అంత లోతు పోదు.

ఈ లెక్క నా డైరీలో ఉంది. చాలామంది లెక్క రాసుకోలేదు, అంతే తేడా. ఈ హాల్లో గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లు చేతులెత్తండి. చూశారా. ఇందులో ఇంట్లో బోరు ఫెయిల్ కానివాళ్లు చెయ్యి దించండి. ఒక్కరూ దించలేదు. అన్నలారా, మనం నీళ్లు లేని దేశంలో రెక్కలు ముక్కలు చేసుకొని, ఆ పైసలు తెచ్చి ఇక్కడ బండలో పోశాం.

నేను పనిచేసింది నీళ్ల పైపులైన్ల కంపెనీకి సబ్ కాంట్రాక్టు చేసే ఒక చిన్న కంపెనీలో. జుబైల్‌లో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసి, 450 కిలోమీటర్లకు పైగా పైపుల్లో రియాద్ పంపుతారు. రియాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్లను దారి పొడుగునా పంపులతో ఎక్కించాలి. ఒక జాయింటు కారితే రాత్రి రెండింటికైనా లేచి పోయేవాళ్లం. చుక్క పోతే రాసుకునేవాళ్లు. అదే దేశంలో ఇంకో సంగతి కూడా చూశాను. ప్రభుత్వం సబ్సిడీలిచ్చి ఎడారిలో గోధుమ పండించింది. వేల ఏళ్ల కిందటి నీళ్లు లోతు నుంచి తోడి, పెద్ద పెద్ద గుండ్రటి చేలల్లో చల్లేవాళ్లు. బయటి దేశాలకు గోధుమ ఎగుమతి చేసేదాకా పోయారు. ఆ నీళ్లు మళ్లీ ఊరేవి కావు. 2008లో తగ్గించాలని నిర్ణయించి, 2016కు దేశంలో గోధుమ కొనడమే ఆపేశారు. రాజులకు కూడా బోరు ఫెయిలవుతుంది.

అదే 2016 వేసవిలో మన శ్రీరాంసాగర్ అడుగంటింది. డ్యాం చూడబోతే నీళ్లకంటే పగిలిన నేల ఎక్కువ కనబడింది.

మా క్యాంపులో నా పక్క మంచం జైసల్మేర్ ప్రాంతపు మనిషిది. మన దేశంలో అసలు ఎడారి అంటే వాళ్లది. ఒకరోజు మా బోర్ల గోడు చెప్పుకున్నాను. ఆయన "మీ ఊళ్లో వాన ఎంత?" అని అడిగాడు. నాకు తెలియదు. సెలవుకు వచ్చినప్పుడు కనుక్కొని పోయి చెప్పాను: మన జిల్లాలో ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్ల దగ్గర. ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. వాళ్ల దగ్గర రెండు వందలు కూడా పడదట. ఐదో వంతు. ఆ ఐదో వంతుతోనే వాళ్ల ఊళ్లో తాతల కాలం నుంచి ఇంటింటా నేలలో తొట్టి కట్టుకుంటారు, టాంకా అంటారు. ఇంటి కప్పు మీద, వాకిట్లో పడ్డ వాన దాంట్లోకి పోతుంది. మూత వేసి, తాళం వేసి, ఎండాకాలం దాకా తాగుతారు. "నెయ్యి ఒలికినా ఫర్వాలేదు గాని నీళ్లు ఒలకనియ్యం" అన్నాడు. నేను ఏం మాట్లాడలేదు. మా ఊరి కుంటలో ప్లాట్లు చేశారని, కొన్నవాళ్లలో మా బంధువులున్నారని ఆయనకు చెప్పలేకపోయాను.

తప్పు పసుపుది కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. "పసుపుకు నీళ్లెక్కువ, మానెయ్యండి" అని హైదరాబాద్‌లో కూర్చొని చెప్పేవాళ్లున్నారు. పసుపు మానేస్తే వేసేది వరి. దానికి నీళ్లు తక్కువా? రైతు ఏ పంట వేసినా ధర ఎక్కువుంటే నీళ్లను జాగ్రత్తగా వాడుకునే స్తోమత వస్తుంది. ధర లేకపోతే ఉన్న బోరును పీల్చి ఇంకో ఎకరం వేస్తాడు. క్వింటాలు పదిహేను వేలు దాటిన ఏళ్లూ చూశాం, ఐదారు వేలకు పడిపోయిన ఏళ్లూ చూశాం. ఇక్కడ ధర రాక మనవాళ్లు లారీలు కట్టుకొని మహారాష్ట్రలో సాంగ్లీ దాకా పోయేవాళ్లు. సాంగ్లీ పసుపుకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మరుసటేడు ఫిబ్రవరిలో పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని మన చౌరస్తాలోనే రైతులు హైవే మీద కూర్చున్నారు. తర్వాత పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. మా తమ్ముడు ఓటేసి వచ్చి, "అన్నా, ఓటెయ్యలే, దుకాణంల చీరలు చూసినట్టు చూసొచ్చిన" అన్నాడు. 2025 జనవరి 14న, పండుగ నాడే, పసుపు బోర్డు మొదలైంది. జూన్ 29న నిజామాబాద్‌లో కార్యాలయం తెరిచారు. సంతోషం. ధర సంగతి బోర్డు చూడాలి. నీళ్ల సంగతి ఏ బోర్డు చూస్తుంది?

కొంత మంచి జరిగింది, కాదనను. 2015 మార్చిలో చెరువుల పూడికతీత మన పొరుగున సదాశివనగర్‌లోనే మొదలైంది. గుత్ప నీళ్లు వచ్చాయి. ఇంటింటికీ నల్లా వచ్చింది, అందులో వచ్చేది శ్రీరాంసాగర్ నీళ్లే. మా సారు చెప్పిన ఎత్తు ఎక్కి వచ్చిన నీళ్లు. నల్లా తిప్పినప్పుడల్లా నాకు ఆ ఎక్స్‌కర్షన్ గుర్తొస్తుంది. మా కోడలు నల్లా కట్టెయ్యడం మరిచిపోతే నాకు రియాద్ లైను గుర్తొస్తుంది. అప్పుడు ఇంట్లో చిన్న గొడవవుతుంది, అది వేరే సంగతి. తమ్ముడు కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం వాళ్ల సలహాతో ఎత్తుమడులు చేసి డ్రిప్ వేశాడు. పాత మోటబావిని పూడ్చెయ్యకుండా, చెలకలో పారే వాన నీళ్లు దాంట్లోకి మళ్లించాడు. మూడేళ్లయింది. మూతపడ్డ ఎనిమిది బోర్లలో ఒకటి, 240 ఫీట్లది, పోయినేడు మళ్లీ పోసింది. ఒకించు. బాపు ఉంటే టెంకాయ కొట్టేవాడు.

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పడానికే ఇంత దూరం తీసుకొచ్చాను.

మన బడికి ఒక బావి ఉంది. యాభై ఏళ్ల వెనకటి వాళ్లందరికీ తెలుసు. సైన్సు గది వెనక, వేపచెట్టు కింద. చప్రాసీ తాత చేదతో తోడి, మా దోసిళ్లలో పోసేవాడు. "మోచేతులు ఎత్తుండ్రి, నేల తాగుతది" అని అరిచేవాడు. ఆ నీళ్లు తాగే ఇక్కడున్న డాక్టర్లు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లు ఇంజనీర్లయ్యారు. బోరు వచ్చాక బావిని పట్టించుకోలేదు. బోరు ఎండిపోయాక కూడా పట్టించుకోలేదు. ఇప్పటి పిల్లలు ఇంటి నుంచి సీసాలు మోసుకొస్తున్నారు.

మొన్న దసరా సెలవుల్లో నేనూ, మా బ్యాచ్ వాళ్లు ఇద్దరూ తాడుకు రాయి కట్టి దింపాం. పద్దెనిమిది ఫీట్ల దగ్గర రాయి ఆగింది. బావి లోతు నలభై రెండు ఫీట్లని మా డ్రిల్లు సారు చెప్పేవారు. అంటే ఇరవై నాలుగు ఫీట్లు చెత్త. విరిగిన బెంచీలు, ఇటుకలు, ప్లాస్టిక్ సంచులు. కాని రాయి పైకి లాగితే తడిగా ఉంది.

బడి పాత బిల్డింగు కప్పు కొలిచాం. సుమారు ఐదు వందల చదరపు మీటర్లు. వెయ్యి మిల్లీమీటర్ల వాన దాని మీద పడితే ఐదు లక్షల లీటర్లు. ఆవిరి, తొలి వాన మురికి తీసేసినా మూడున్నర లక్షలకు తగ్గదు. ఇప్పుడు ఆ నీళ్లు గేటు ముందు మడుగు కట్టి, బస్టాండు మోరీలోకి పోతున్నాయి.

సంఘం కమిటీ స్వర్ణోత్సవ గుర్తుగా గేటుకు ఆర్చి కట్టాలని తీర్మానించింది. విరాళాలు కూడా వచ్చాయి. నేనూ ఇచ్చాను. ఆర్చి వద్దనడం లేదు, పేర్లు చెక్కించుకోవాలని ఎవరికుండదు? కాని ఆర్చి ఒక ఏడు ఆగుతుంది. బావి ఆగదు. ఇంకో రెండు బ్యాచ్‌ల పిల్లలు చెత్త వేస్తే తాడు దింపడానికి కూడా చోటుండదు. పిల్లలు పడతారేమోనని హెడ్‌మాస్టరు గారి భయం, అది న్యాయమైనదే. ఇనుప జాలీ బిగించి తాళం వేద్దాం. తాళం చెవి వారి దగ్గరే ఉంటుంది. కప్పుకు పైపులు, ఇసుక-కంకర తొట్టి, పూడిక తీసే కూలీలు, జాలీ అన్నీ కలిపి ఎస్టిమేటు వేయించాను. ఆర్చికి వచ్చిన డబ్బులో నాలుగో వంతు కూడా కాదు. కాగితం కార్యదర్శి గారికి ఇచ్చాను. ఎనిమిది బోర్లకు డ్రాఫ్టులు పంపినవాణ్ని, తొమ్మిదో దానికి లెక్క చూసుకొని మాట్లాడుతున్నాను.

సర్వసభ్య సమావేశం భోజనాల తర్వాత ఈ హాల్లోనే ఉంది. దయచేసి తినేసి వెళ్లిపోకండి, చేతులెత్తడానికి ఉండండి. కమిటీ ఒప్పుకుంటే వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు పని మొదలు. తాడు, గిలక మా తమ్ముడు తెస్తాడు. తట్టలు, పారలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వేపచెట్టు కింద కూర్చొని చాయ్ పోస్తే చాలు.